సబ్‌మెరీనరా, సీమాస్టరా: పదహారున్నర సెంటీమీటర్ల మణికట్టుకి ఏది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గచ్చిబౌలిలో ఉద్యోగం, మణికట్టు చుట్టుకొలత 16.5 సెంటీమీటర్లు, వారానికి రెండుసార్లు స్విమ్మింగ్ పూల్, జనవరిలో అండమాన్‌లో స్కూబా (గాలి సిలిండరుతో నీటి కిందికి దిగడం), నాలుగు నెలల్లో నలభయ్యో పుట్టినరోజు. ఆ రోజుకి చేతికి రోలెక్స్ సబ్‌మెరీనర్ పెట్టుకోవాలా, ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎం పెట్టుకోవాలా, ఈ రెండు వాచీల్లో ఏది అని.

ముందే తేల్చి చెప్తాను. మీ మణికట్టుకి సబ్‌మెరీనర్ నప్పుతుంది, మీ తొందరకి సీమాస్టర్ నప్పుతుంది. ఈ రెండిట్లో ఏది నెగ్గుతుందో మీ స్కేలు కొలతా, షోరూమ్ వాళ్ళిచ్చే తేదీ కలిసి తేలుస్తాయి.

లోతు సంగతి ముందు పక్కన పెట్టేద్దాం. రెండిటి మీదా రాసుంది 300 మీటర్లే. స్కూబా మొదటి కోర్సులో దింపేది 18 మీటర్ల వరకు, సరదాకి చేసే డైవింగ్‌కి ఆఖరి హద్దు 40. కోర్సేమీ చెయ్యకుండా అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో ఒకసారి దిగి చూసొచ్చేవాళ్ళని 12 మీటర్లు దాటనివ్వరు. ప్రతి 10 మీటర్లకీ ఒక బార్ చొప్పున నీటి ఒత్తిడి పెరుగుతుంది. 40 దగ్గర 4 బార్లు, ఈ వాచీలు ఓర్చేది 30. 'పూల్‌లో చెయ్యి గట్టిగా విసిరితే ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది' అని ఒక మాట తిరుగుతూ ఉంటుంది. లెక్క వేసి చూడండి: చెయ్యి సెకనుకి 3 మీటర్ల వేగంతో నీళ్ళని కొట్టినా అదనంగా పడేది అర మీటరు లోతుకి సరిపడా ఒత్తిడి కూడా కాదు. వాచీలోకి నీళ్ళు పోతే చాలాసార్లు తప్పు బిగించని కీదో (టైము పెట్టే పక్క గుండీ), ఎండిపోయిన రబ్బరు వాషర్‌దో అయి ఉంటుంది.

సీమాస్టర్‌కి పది గంటల అంకె పక్కన ఇంకో చిన్న కీ ఉంటుంది. అది హీలియం వాల్వ్. రోజుల తరబడి సముద్రం కింద, హీలియం కలిపిన గాలి నింపిన గదుల్లో ఉండి పనిచేసే వృత్తి డైవర్ల కోసం పెట్టింది. హీలియం అణువులు మరీ చిన్నవి, వాషర్ల గుండా వాచీలోకి చేరతాయి. మనిషి పైకొచ్చేటప్పుడు బయటి ఒత్తిడి తగ్గితే లోపలి గ్యాస్ అద్దాన్ని ఎగదన్నుతుంది. దాన్ని వదిలెయ్యడానికి ఆ వాల్వ్. మీకు జన్మలో దానితో పనిపడదు, ఊరికే తిప్పి చూడొద్దు. సబ్‌మెరీనర్‌కి అది లేకపోవడం మీకు లోటూ కాదు.

ఇక మణికట్టు. అందరూ చుట్టుకొలత చెప్తారు, పనికొచ్చేది పై వెడల్పు. వాచీ కూర్చునే చోట, అంటే ఎముక దాటాక మోచేతి వైపు, పైన అడ్డంగా స్కేలు పెట్టి చూడండి. 16.5 చుట్టుకొలత ఉన్న ఇద్దరిలో గుండ్రటి చెయ్యి వాళ్ళకి 50 మి.మీ. రావచ్చు, పలకబారిన చెయ్యికి 56 రావచ్చు. 2020లో వచ్చిన ఇప్పటి సబ్‌మెరీనర్ కేసు (చైన్ కాక వాచీ ఒళ్ళు) 41 మి.మీ.; పై లగ్గు (చైన్ తగిలించే కొమ్ము) కొస నుంచి కింది లగ్గు కొస దాకా సుమారు 48; మందం పన్నెండున్నర దరిదాపు. 2018 నుంచి వస్తున్న సీమాస్టర్ కేసు 42, కొస నుంచి కొసకి సుమారు 50, మందం పదమూడున్నర. కాగితం మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాయే. కానీ మీ పై వెడల్పు 50 వస్తే సీమాస్టర్ లగ్గులు చేతి అంచుల దాకా వచ్చేస్తాయి, చైన్ మొదటి లింకు నిటారుగా కిందికి దిగక బయటికి పొడుచుకొస్తుంది, చొక్కా కఫ్ దాని మీద ఆగిపోతుంది. 52 దాటితే రెండూ హాయిగా కూర్చుంటాయి, ఈ పేరా మర్చిపోండి.

సబ్‌మెరీనర్ అంత పలచగా అనిపించడానికి ఇంకో కారణం ఉంది. దాని వెనక మూత లోహంతో మూసేసి ఉంటుంది. సీమాస్టర్‌కి వెనక కూడా అద్దం, లోపలి మిషను కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, ఆ మందం మాత్రం చేతి మీద పడుతుంది. (ఈ ముక్క ఇంకోలా కూడా ఉపయోగపడుతుంది: ఎవరైనా వెనక అద్దమున్న ఇప్పటి స్టీలు సబ్‌మెరీనర్ అమ్మజూపితే అది నకిలీ, బేరం కూడా ఆడొద్దు.)

హైదరాబాద్‌లో రోజూ పెట్టుకునేవాళ్ళకి కేసు కంటే చైన్ కొక్కెం ముఖ్యమని నా అభిప్రాయం. మే నెలలో ఏసీ ఆఫీసులో సరిపోయిన చైన్ మధ్యాహ్నం పార్కింగ్ దాకా నడిచేసరికి బిగుతై గీతలు పడుతుంది, రాత్రికి మళ్ళీ వదులై వాచీ పక్కకి జారుతుంది. చెయ్యి అంతగా ఉబ్బి తగ్గుతుంది. సబ్‌మెరీనర్ కొక్కెంలో గ్లైడ్‌లాక్ అని ఒక పళ్ళ పట్టీ ఉంటుంది. కొక్కెం తెరిచి, చైన్ కొసని పైకి లేపి, ఒక్కో పన్నూ 2 మి.మీ. చొప్పున జరపొచ్చు, మొత్తం 20 మి.మీ. దాకా. పరికరం అక్కర్లేదు. సీమాస్టర్‌కి లోపల ఒక మీట ఉంటుంది, అది నొక్కి పట్టుకుని ఆరు మెట్లలో జరపాలి. ఇదీ పరికరం లేకుండానే, పైగా చేతికి ఉండగానే బిగించొచ్చు. అది కాక డైవింగ్ సూట్ మీద పెట్టుకోవడానికి ఒక మడత ముక్క బయటికి వస్తుంది. 3 మి.మీ. మందం సూట్ వేసుకుంటే చేతి చుట్టుకొలత సుమారు 19 మి.మీ. పెరుగుతుంది, గ్లైడ్‌లాక్ పూర్తిగా మూసి ఉంటే దాని 20 సరిగ్గా చాలుతుంది. అండమాన్ నీళ్ళు వెచ్చగానే ఉంటాయి కాబట్టి చాలామంది పొట్టి చేతుల సూటే వేసుకుంటారు, అప్పుడు ఈ లెక్కే అవసరం లేదు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి. షోరూమ్‌లో లింకులు తీసేటప్పుడు కొక్కెం సర్దుబాటుని పూర్తిగా మూసి ఉంచి కొలత తీస్తారు. ఇంటికెళ్ళాక బిగించాలంటే ఇక చోటుండదు. లింకులు తియ్యక ముందే కొక్కెంలో రెండు మూడు పళ్ళు బయటికి వదిలి పెట్టమనండి, అప్పుడు ఎండకి వదలడానికీ, చలికి బిగించడానికీ రెండు వైపులా చోటు మిగులుతుంది. తీసిన లింకులు లెక్కపెట్టి తెచ్చుకోండి. తర్వాత విడిగా కొనాలంటే ఒక్కో లింకు ధర వింటే కళ్ళు తిరుగుతాయి. సబ్‌మెరీనర్ లింకులకి స్క్రూలు ఉంటాయి కదా అని ఇంట్లో కళ్ళజోడు స్క్రూడ్రైవర్‌తో విప్పొద్దు, తల చెక్కుకుపోతే మళ్ళీ ఊడదు.

బెల్టులు మార్చే సరదా ఉంటే సీమాస్టర్ నయం. దాని లగ్గుల మధ్య వెడల్పు 20 మి.మీ., ఏ దుకాణంలో అడిగినా రబ్బరూ నైలానూ దొరుకుతాయి. సబ్‌మెరీనర్‌ది 21, ఆ కొలత వెతుక్కోవాలి. తోలు బెల్టు మాత్రం దేనికీ వద్దు, మన చెమటకి ఒక్క వేసవిలో వాసనొస్తుంది.

తిరిగే బెజెల్ (డయల్ చుట్టూ ఉండే రింగు) దగ్గర మాత్రం రోలెక్స్‌దే పైచేయి, మొహమాటం లేకుండా చెప్తున్నాను. దాని అంచు నాణెం అంచులా గాట్లతో ఉంటుంది, తడి వేళ్ళకి కూడా పట్టు దొరుకుతుంది, 120 క్లిక్కులూ గట్టిగా పడతాయి. సీమాస్టర్ అంచు అలలు అలలుగా, నున్నగా ఉంటుంది. పొడి చేత్తో బానే తిరుగుతుంది. సబ్బు చేత్తోనో, పూల్‌లోంచి లేచిన చేత్తోనో వేళ్ళు జారతాయి, రెండు వైపులా బొటనవేలూ చూపుడువేలూ పెట్టి కిందికి నొక్కుతూ తిప్పాలి. అండమాన్‌లో మీ చేతికి డైవ్ కంప్యూటర్ (లోతూ సమయమూ లెక్కపెట్టే పరికరం) కడతారు కాబట్టి వాచీ రెండో సాక్షే. ఇంట్లో కుక్కర్‌కో, బిర్యానీ దమ్ముకో మాత్రం రోజూ వాడొచ్చు: త్రిభుజం గుర్తుని నిమిషాల ముల్లు ఎదురుగా తెచ్చి వదిలేస్తే ఎన్ని నిమిషాలైందో ముల్లే చూపిస్తుంది. ఒకవైపే తిరగడం ఎందుకంటే, దెబ్బ తగిలి జరిగినా గడిచిన సమయం ఎక్కువే చూపించాలి, తక్కువ చూపించకూడదు. నీటి కింద గాలి లెక్క కదా.

రెండిటి బెజెల్ పైనా సిరామిక్ పలకే. గీతలు పడదు, కానీ పగులుతుంది. మన ఇళ్ళలో బాత్రూమ్ గట్టు గ్రానైట్, నేల విట్రిఫైడ్ టైలు. రెండూ దానికి శత్రువులు. స్నానానికి ముందు వాచీ తీసి సింకు అంచున పెట్టే అలవాటుంటే ఈరోజే మానుకోండి, అల్మరాలో మెత్తటి గుడ్డ మీద పెట్టండి. ఇంకా దిగులుంటే, 2024 చివర్లో ఒమేగా తెచ్చిన తేదీ లేని డైవర్ 300ఎం చూడండి, దాని బెజెల్ అల్యూమినియం. గీతలు పడుతుంది కానీ పగలదు.

మిషను విషయం. రోలెక్స్ 3230, 3235 మిషన్లు పూర్తి చాబీ మీద 70 గంటలు నడుస్తాయి, ఒమేగా 8800 మిషను 55 గంటలు. శుక్రవారం రాత్రి 8కి తీసి పెట్టారనుకోండి: ఒమేగా సోమవారం తెల్లవారుజాము 3కి ఆగుతుంది, రోలెక్స్ సోమవారం సాయంత్రం 6 దాకా నడుస్తూనే ఉంటుంది. వారాంతం ఇంకో వాచీ పెట్టుకునే మనిషైతే ఈ తేడా చికాకు పెడుతుంది. ఆగితే కీ మర విప్పి 25 సార్లకి తక్కువ కాకుండా తిప్పండి, ఊరికే ఊపితే సరిగ్గా ఎక్కదు. కచ్చితత్వం: రోలెక్స్ రోజుకి రెండు సెకన్లు అటూ ఇటూ అంటుంది, ఒమేగా సున్నా నుంచి అయిదు సెకన్లు ముందుకి అంటుంది, వెనకపడదు. వారం రోజులు ఫోన్ టైముతో పోల్చి రాసుకోండి. ముందుకి పోతుంటే రాత్రిపూట ఒకరోజు డయల్ పైకి పెట్టి, ఇంకోరోజు కీ పైకి వచ్చేలా నిలబెట్టి చూడండి. ఏదో ఒక భంగిమలో కొంచెం నెమ్మదిస్తుంది, రోజూ అలాగే పెడితే సర్దుకుంటుంది.

అయస్కాంతం దగ్గర ఒమేగా బలం స్పష్టం. 15,000 గాస్ (అయస్కాంత బలం కొలత) వరకు పరీక్షించి ఇస్తారు. ల్యాప్‌టాప్ మూత, ట్యాబ్లెట్ కవరు, ఫోన్ వెనక అతికే ఛార్జరు, ఇండక్షన్ స్టవ్ — ఐటీ మనిషి చుట్టూ రోజంతా ఇవే. రోలెక్స్ స్ప్రింగ్ కూడా అయస్కాంతానికి లొంగని లోహమే కాబట్టి మామూలుగా ఇబ్బంది రాదు. ఎప్పుడైనా ఉన్నట్టుండి వాచీ రోజుకి అరనిమిషం, నిమిషం ముందుకి పోవడం మొదలైతే సర్వీసుకి ఇచ్చే ముందు అయస్కాంతం తీయించి చూడండి, మిషను విప్పకుండానే నిమిషంలో అయ్యే పని.

నీళ్ళ సంగతి అన్నాను కదా. రెండిటికీ కీ మర బిగించేదే. టైము పెట్టాక కీని లోపలికి నొక్కి, ముందు కొంచెం వెనక్కి తిప్పండి. మర కుదురుకున్నట్టు చిన్న జారుడు వేలికి తెలుస్తుంది. అప్పుడు ముందుకి తిప్పి బిగించండి. మొదటి చుట్టులోనే గట్టిగా తగిలితే మర తప్పినట్టు, బలవంతం చెయ్యకుండా విప్పి మళ్ళీ మొదలుపెట్టండి. మర అరిగితే కీ గొట్టం మొత్తం మార్చాలి. పూల్‌లోకి దిగే ముందు కీ మీద వేలేసి చూసే అలవాటు చేసుకోండి, గేటు తాళం చూసినట్టు. నీటి కింద ఎట్టి పరిస్థితుల్లోనూ కీ ముట్టుకోవద్దు.

గీజర్ వేడినీళ్ళ స్నానం, ఆవిరి గది వద్దు. రబ్బరు, లోహం, అద్దం వేడికి ఒక్కోటి ఒక్కోలా వ్యాకోచిస్తాయి, సబ్బు నీరు వాషర్ మీది గ్రీజుని తినేస్తుంది. పూల్ అయ్యాక మంచినీళ్ళ కింద బెజెల్ రెండు చుట్లు తిప్పుతూ కడగండి. ఇక్కడొక హైదరాబాద్ చిక్కుంది: గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో వచ్చేది చాలావరకు బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు. ఆ కఠిన జలం ఆరితే బెజెల్ సందుల్లో, చైన్ లింకుల మధ్య తెల్లటి పొర కడుతుంది, కొన్నాళ్ళకి బెజెల్ బిగుసుకుంటుంది. ఆఖరుసారి ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్ళతో కడిగి గుడ్డతో తుడవండి. నెలకోసారి రెండు చుక్కల గిన్నెల సబ్బు, పిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌తో చైన్ రుద్దితే, నల్లగా వచ్చే మడ్డి చూసి ఆశ్చర్యపోతారు.

అద్దం లోపల ఆవిరి కనిపిస్తే కీ తెరవొద్దు, బియ్యంలో పెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు. అదే రోజు కంపెనీ సర్వీసుకి చేర్చండి. ఉప్పునీరైతే గంటల్లోనే తుప్పు మొదలవుతుంది. అనుమానం ఉంటే ఇంట్లో చిన్న పరీక్ష: వాచీ చేతి వేడిగా ఉన్నప్పుడు అద్దం మీద ఒక చుక్క చల్లటి నీళ్ళు వేసి, నిమిషం ఆగి తుడవండి. ఆ చుక్క ఉన్నచోట లోపలివైపు మసక కనిపిస్తే తేమ చేరినట్టే. వారానికి రెండుసార్లు ఈదే మీరు ఏడాదికోసారి ప్రెజర్ టెస్ట్ చేయించాలి, అండమాన్‌కి ముందు తప్పనిసరి. కోఠి, ఆబిడ్స్‌లో చెయ్యి తిరిగిన రిపేరు వాళ్ళున్నారు, పాత చాబీ వాచీలకి వాళ్ళే దిక్కు. కానీ ఈ రెండిటి వెనక మూత మాత్రం బయట తెరిపించొద్దు. మూతకి తగిన పట్టుడు పరికరం కావాలి, వాషర్ కొత్తది వెయ్యాలి, ఆ తర్వాత మళ్ళీ ప్రెజర్ టెస్ట్ చెయ్యాలి. ఈ మూడిట్లో ఒకటి తప్పినా 300 మీటర్ల వాచీ చేతులు కడుక్కునే వాచీ అవుతుంది. వారంటీ రెండిటికీ అయిదేళ్ళు, బయట తెరిస్తే అదీ పోతుంది. పూర్తి సర్వీసు రోలెక్స్ సుమారు పదేళ్ళకోసారి అంటుంది, ఒమేగా అయిదు నుంచి ఎనిమిదేళ్ళు.

కొనడం. ధరలు ఇక్కడ రాయను, ఏడాదిలోపే మారిపోతాయి. సబ్‌మెరీనర్ లక్షల్లో ఎక్కువ అన్నది మారదు. అసలు తేడా దొరకడంలో. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో సీమాస్టర్ చూసి, పెట్టుకుని, అదే వారంలో ఇంటికి తెచ్చుకోవచ్చు. స్టీలు సబ్‌మెరీనర్‌కి పేరు రాయించుకుని ఎదురుచూడాలి, నాలుగు నెలల్లో వస్తుందని ఎవరూ రాసివ్వరు. దానికోసం అక్కర్లేని నగో, ఇంకో వాచీయో కొనడం దండగ. బయటి మార్కెట్‌లో షోరూమ్ ధర మీద అదనం పెట్టి కొనడం ఇంకా దండగ: ఆ అదనం రేపు మీరు అమ్మేటప్పుడు ఉంటుందో ఉండదో, పాలిష్ కొట్టిన కేసో, మార్చిన డయలో తేల్చడం నిపుణులకే కష్టం. సీమాస్టర్ కొన్న రోజునే అమ్మితే కొంత పోతుంది, నిజమే. పుట్టినరోజు వాచీ అమ్మేవాళ్ళకి ఆ లెక్క.

బిల్లు 10 లక్షలు దాటితే 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళే బిల్లుతో పాటు తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తున్నారు. అది పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద జమై రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, పాన్ సరిగ్గా ఇచ్చారో లేదో చూసుకోండి. 2 లక్షలు, ఆ పైన నగదు ఏ దుకాణమూ తీసుకోకూడదు; తీసుకుంటానన్న చోట కొనొద్దు. దుబాయ్ నుంచి తెప్పిస్తే శంషాబాద్‌లో డిక్లేర్ చేసి సుంకం కట్టాలి, చేతికి పెట్టుకొచ్చినంత మాత్రాన మినహాయింపు రాదు. ఇక్కడ కొన్న వాచీతో విదేశాలకి వెళ్ళేటప్పుడు బయల్దేరే ముందే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే, తిరిగొచ్చేటప్పుడు 'ఇది ఎక్కడ కొన్నారు' అనే ప్రశ్నకి కాగితం ఉంటుంది.

కాబట్టి ఇలా చెయ్యండి. ఈ శనివారం మధ్యాహ్నం మూడింటికి, చెయ్యి ఉబ్బి ఉన్న వేళ, స్కేలు జేబులో వేసుకుని వెళ్ళండి. ముందు రోలెక్స్ దగ్గర తేదీ లేని 124060కి పేరు రాయించండి; తేదీ కావాలంటే 126610ఎల్‌ఎన్, దాని అద్దం మీది భూతద్దపు బుడగ మీకు నచ్చితేనే. తర్వాత సీమాస్టర్ పెట్టుకుని పావుగంట తియ్యకండి. మణికట్టు వెనక్కి వంచి కీ చేతిలో గుచ్చుకుంటోందా చూడండి, చొక్కా కఫ్ కిందికి దూర్చండి, వాష్‌రూమ్‌కి వెళ్ళి చెయ్యి తడిపి వచ్చి బెజెల్ తిప్పండి. దోసిట్లో మూసి చీకట్లో చూడండి: సీమాస్టర్‌లో నిమిషాల ముల్లూ బెజెల్ చుక్కా ఆకుపచ్చగా, మిగతావి నీలంగా వెలగాలి. బెజెల్ త్రిభుజం పన్నెండు గంటల గుర్తుకి సరిగ్గా ఎదురుగా ఆగుతోందా, కేసు మీది నంబరూ కార్డు మీది నంబరూ ఒకటేనా, కార్డు మీద ఆ రోజు తేదీ పడిందా చూసుకోండి. పై వెడల్పు 52 దాటితే సీమాస్టర్ అక్కడే బిల్లు వేయించండి. 52, అంతకన్నా తక్కువైతే పుట్టినరోజుకి మూడు వారాల ముందు దాకా రోలెక్స్ ఫోన్ కోసం చూడండి. రాకపోతే రోలెక్స్ సోదర కంపెనీ ట్యూడర్ తెచ్చిన 39 మి.మీ. బ్లాక్ బే 58 చేతికి పెట్టి చూడండి. మందం 12 మి.మీ. లోపే, మోడల్‌ని బట్టి 65 నుంచి 70 గంటలు నడుస్తుంది, 200 మీటర్లు, ధర సబ్‌మెరీనర్‌లో సగం కూడా ఉండదు.